నానీమాకు అర్థం కాలేదా?

రంజాన్ వచ్చిందంటే మా నానీమా (అమ్మమ్మ) రోజుకో పారా (ముప్పై భాగాల్లో ఒకటి) చొప్పున ఖురాన్ మొత్తం చదివి ఖతం చేసేది. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే రెహల్ (ఖురాన్ పెట్టుకునే పీట) ముందు కూర్చుని, చూపుడు వేలు అక్షరాల కింద జరుపుకుంటూ చదివేది. అరబ్బీ చదవడం వచ్చు, భాష రాదు. అయినా యాసీన్ సూరా (అధ్యాయం) 58వ ఆయత్ (వాక్యం) దగ్గర ఆమె గొంతు బొంగురుపోయేది. ‘సలామున్ ఖౌలమ్ మిర్రబ్బిర్రహీమ్.’

అర్థం తెలియకుండా చిలకపలుకులు చదివితే ఏం లాభం అని మనలో చదువుకున్నవాళ్లు తేలిగ్గా అనేస్తారు. నేనూ అన్నాను. కానీ సలాం, రబ్, రహీమ్ ఇంట్లో రోజూ వినే మాటలే కదా! స్వర్గవాసులకు దయామయుడైన ప్రభువు చెప్పే సలాం అది. వ్యాకరణం తెలియకపోయినా, ఎవరు ఎవరికి సలాం చెబుతున్నారో ఆమెకు తెలుసు. విష్ణు సహస్రనామం చదివే ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. సంస్కృతం రాదు, పేర్లు మాత్రం మనవే.

తడబడుతూ, కష్టపడుతూ ఖురాన్ చదివేవారికి రెండింతల పుణ్యమని బుఖారీ, ముస్లిం అనే హదీసు (ప్రవక్త ప్రవచనాల) గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఖురాన్ వింటే ముందు ఒళ్లు జలదరిస్తుంది, ఆ తర్వాత ఒళ్లూ మనసూ మెత్తబడతాయి అని జుమర్ సూరా 23వ ఆయత్ చెబుతుంది. అక్కడా ముందు వచ్చింది ఒళ్లే.

అలాగని తెలుగులో చదవడం రెండో రకం చదువేమీ కాదు. ఖురాన్‌ను మొదట తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు ముస్లిం కూడా కాదు. ఇప్పుడైతే అనువాదాలు చాలానే ఉన్నాయి. అయినా, ముఖ్యంగా ఆడవాళ్లకు, ‘సొంతంగా అర్థాలు తీయొద్దు, ఆలిం (మత పండితుడు) సాబ్‌ను అడగండి’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. తలాక్, వారసత్వం లాంటి విషయాల్లో అది సరైన సలహానే. దుఃఖంలో ఉన్న మనిషి ఒక ఆయత్ చదివి కాస్త తేరుకోవడానికి మాత్రం ఎవరి అనుమతి కావాలి?

నాన్న పోయిన ఏడాది అమ్మ జుహా సూరాను తెలుగులో చదివింది. మొత్తం 11 ఆయత్‌లే. కొన్నాళ్లు వహీ (దైవవాణి) ఆగిపోయి, ప్రవక్త దిగులుపడ్డ రోజుల తర్వాత ఈ సూరా దిగిందంటారు. ‘నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టలేదు’ అన్న మూడో ఆయత్ దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి కాసేపు అలాగే కూర్చుంది.

ఇప్పటికీ అమ్మ ఒక్కో ఆయత్‌నూ అరబ్బీలో చదివి, పక్కనున్న తెలుగు చూసుకుంటుంది. జుహా వచ్చినప్పుడు మాత్రం పక్కకు చూడదు.