ఆరో తరగతిలో మొదలయ్యే మెడికల్ దరఖాస్తు

రాత్రి తొమ్మిదిన్నరకు పామూరు నుంచి ఫోన్. చేసింది మా పిన్ని కొడుకు. వాళ్లమ్మాయికి మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. వారం ముందే ఊరంతా మిఠాయిలు పంచారు. ఆ రాత్రి మాత్రం అతని గొంతులో వణుకు.

"అన్నా, రేపు సాయంత్రంతో కౌన్సెలింగ్ అప్లికేషన్ అయిపోతాదంట. ఆరు, ఏడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు కావాలంటున్నారు. ఆ బడి మూసేసి నాలుగేళ్లయింది. ఎవర్ని అడగాల?"

తెల్లారి మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో పాత రిజిస్టర్లు తిరగేస్తే మధ్యాహ్నానికి పేరు దొరికింది. సంతకం పడేసరికి నాలుగు దాటింది. ఆరున్నరకు నెట్ సెంటర్‌లో అప్‌లోడ్ అయింది. అమ్మాయికి సీటూ వచ్చింది. కానీ ఆ అధికారి ఆ రోజు సెలవులో ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. రెండేళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివిన పిల్ల భవిష్యత్తు ఒక రిజిస్టరు అట్ట మీద, ఒక ఉద్యోగి హాజరు మీద ఆధారపడింది.

కావలిలో చాలా ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. రక్తప్రసరణ, జన్యుశాస్త్రం, మానవ పునరుత్పత్తి, ఎన్సీఈఆర్టీ పుస్తకంలో ఏ లైను నుంచి బిట్టు వస్తుందో అన్నీ చెప్పాను. దరఖాస్తు సంగతి మాత్రం ఒక్క పీరియడ్ కూడా చెప్పలేదు. అది ఆఫీసు గుమాస్తా పని అనుకున్నాను. అలా అనుకోవడం తప్పని ఇప్పుడు తెలుస్తోంది. మన పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో, ముఖ్యంగా ఉదయగిరి, కనిగిరి, పామూరు, సీఎస్‌పురం, గిద్దలూరు వైపు పల్లెల పిల్లలకు నీట్ పరీక్ష ఒక గండమైతే, ఆ పరీక్షకు ముందూ వెనకా ఉన్న కాగితాల పని ఇంకో గండం. మొదటిదానికి లక్షలు పోసి కోచింగ్ ఇప్పిస్తాం. రెండోదానికి ఎవరూ ఏమీ చెప్పరు.

పామూరు అమ్మాయికి ఆరో తరగతి సర్టిఫికెట్ ఎందుకు కావాల్సి వచ్చిందో కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది తల్లిదండ్రులకు తెలియకుండా జారిపోయేది ఇక్కడే.

రాజ్యాంగం 371-డి అధికరణ కింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర కోటా మెడికల్ సీట్లలో 85 శాతం స్థానికులవి. స్థానికత లెక్కకు జిల్లా కాదు, పాత విశ్వవిద్యాలయ పరిధి కొలమానం. పాత ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ (ఏయూ) పరిధిలో, పాత నెల్లూరు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ (ఎస్వీయూ) పరిధిలో ఉన్నాయి. అంటే ఒంగోలు నుంచి కావలికి రైల్లో గంట ప్రయాణమే అయినా, అడ్మిషన్ల లెక్కలో మధ్యలో గీత ఉంది. ఒంగోలు పిల్లలకు విశాఖ, గుంటూరు, కాకినాడ కాలేజీల్లో స్థానికత వస్తే, నెల్లూరు పిల్లలకు తిరుపతి, కర్నూలు, కడప కాలేజీల్లో వస్తుంది.

మన ప్రాంతంలో పిల్లలు ఈ గీత దాటని ఇల్లు తక్కువ. పామూరుకు ఒంగోలు దూరం, నెల్లూరుతోనే రాకపోకలు ఎక్కువ. పదో తరగతి వరకు సొంతూరు, ఇంటర్ నెల్లూరు హాస్టల్లో. నిబంధన చూస్తే, అర్హత పరీక్షతో ముగిసే వరస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఒకే పరిధిలో చదివి ఉండాలి. ఈ అమ్మాయికి రెండేళ్లు అటు, రెండేళ్లు ఇటు అయ్యాయి. అప్పుడు ఏడేళ్లు లెక్కలోకి వస్తాయి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ పరిధిలో ఎక్కువ కాలం చదివితే ఆ పరిధి స్థానికత దక్కుతుంది. ఐదేళ్లు ప్రకాశంలో, రెండేళ్లు నెల్లూరులో చదివింది కాబట్టి ఆమె ఏయూ స్థానికురాలు. వాళ్ల నాన్న మాత్రం ఇంటర్ నెల్లూరు కదా అని ఎస్వీయూ అనుకుంటూ తిరుపతి కాలేజీ గురించే కలలు కన్నాడు. ఏడేళ్లకు ఏడు సంవత్సరాల ఆధారం చూపాలి. మధ్యలో రెండు బడులు మారిన పిల్లకు నాలుగు చోట్ల నుంచి కాగితాలు తేవాలి. అందుకే చెబుతున్నాను, మెడికల్ దరఖాస్తు ఆరో తరగతిలోనే మొదలవుతుంది.

ఇక క్యాలెండర్ సంగతి. 2025లో నీట్ దరఖాస్తులు ఫిబ్రవరి 7న మొదలై మార్చి 7న ముగిశాయి. అదే ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్, మార్చి మొదటి వారంలోనే ఇంటర్ రాత పరీక్షలు. తప్పులు దిద్దుకోవడానికి మార్చి 9 నుంచి 11 దాకా మూడు రోజులు. అగ్రికల్చర్ బీఎస్సీ, ఫార్మసీ కోసం ఈఏపీసెట్ దరఖాస్తు కూడా ఇంచుమించు ఈ రోజుల్లోనే. మే 4న నీట్. మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. భరణి కార్తె ఎండలో ఒంటిగంటన్నరకల్లా గేటు లోపల ఉండాలి. ఆ నెలన్నర, రెణ్నెల్లలో పిల్ల చేతిలో పుస్తకం తప్ప ఇంకేమీ ఉండకూడదు. కానీ హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్లు చేస్తూ ఫొటో కోసం, ఆధార్ కోసం, వేలిముద్రల స్కాన్ కోసం తిరిగే పిల్లల్ని ఎంతమందినో చూశాను. ఇంట్లో పెద్దలకూ అది ఊపిరాడని కాలమే. మా పిన్ని కొడుకు పొగాకు వేస్తాడు. ఫిబ్రవరి, మార్చి నెలలంటే ఆకు గ్రేడింగ్, బేళ్లు కట్టడం, కనిగిరి వేలం కేంద్రంలో పడిగాపులు. అప్పుల వాళ్లు గుమ్మంలో ఉంటారు. కూతురి దరఖాస్తు ఆఖరి రోజు దాకా వెనక్కి జరగడం నిర్లక్ష్యం వల్ల కాదు, పంట ఆగదు కాబట్టి.

అందువల్ల పని ఫిబ్రవరికి వదలకుండా ముందటేడు దసరా సెలవుల్లోనే సగం ముగించుకోవాలి. అప్పటికి ఇంట్లో పొగాకు నారు పని తప్ప పెద్ద ఒత్తిడి ఉండదు. ఆఫీసుల్లోనూ రద్దీ తక్కువ.

ఆ సగం పనిలో మొదటిది పేరు. మనవాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకు పుస్తకంలో చివర ఉంటుంది. నాన్న పేరు ఒక చోట వెంకట సుబ్బయ్య, ఇంకో చోట వి.సుబ్బయ్య. దరఖాస్తుకు ఆధార్‌తో సరిపోల్చే రోజుల్లో ఇది చిన్న తేడా కాదు. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలా ఆధార్‌ను మార్పించుకోవడమే తేలిక, ఎందుకంటే మెమో మార్పించడం నెలల పని. ఆధార్ మార్పుకు కూడా కొన్ని వారాలు చేతిలో పెట్టుకోవాలి. ఆఖరి వారంలో పరుగెత్తితే కుదరదు.

రెండోది ఫోన్ నంబరు. ఇది చాలా మామూలు విషయంలా కనిపిస్తుంది గానీ దీనివల్ల జరిగిన నష్టం నేను కళ్లారా చూశాను. పల్లెల్లో దరఖాస్తు నింపేది నెట్ సెంటర్‌లో. అక్కడి కుర్రాడు పని త్వరగా కావాలని తన నంబరు, తన మెయిల్ ఇచ్చేస్తాడు. పాస్‌వర్డ్ అతని కంప్యూటర్లోనే ఉంటుంది. జులైలో కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి అతను పని మానేసి హైదరాబాద్ పోయి ఉంటాడు. ఓటీపీ అతని ఫోన్‌కు వెళ్తుంది. ఒక కుటుంబం మూడు రోజులు అతని కోసం వెతికింది. కాబట్టి నంబరు తండ్రిదో తల్లిదో కావాలి, ఏడాది మొత్తం ఆ సిమ్ రీచార్జ్ అయి ఉండాలి, పాస్‌వర్డ్ ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసి ఉండాలి. ఫొటోలు కూడా ఒకేసారి తీయించాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో పాస్‌పోర్టు సైజు, పోస్టుకార్డు సైజు రెండూ. దరఖాస్తులో పెట్టిన ఫొటోయే పరీక్ష రోజూ, కౌన్సెలింగ్‌లోనూ అడుగుతారు.

మూడోది మాత్రం ముందే చేసి పెట్టుకుంటే పనికిరాదు. అదే చిక్కు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (వెనకబడిన కులాల్లో సంపన్న వర్గం కాదని చెప్పేది), ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లోని పేదలకిచ్చేది) సర్టిఫికెట్లకు ఆర్థిక సంవత్సరం లెక్క. జులైలో కౌన్సెలింగ్‌కు చూపించేది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. జనవరిలో సచివాలయం చుట్టూ తిరిగి తెచ్చుకున్నది మార్చి 31తో చెల్లిపోతుంది. ఇంకో సంగతి. మన దగ్గర బీసీ-ఎ, బి, సి, డి, ఇ అని రాష్ట్ర జాబితా. అఖిల భారత కోటాకు కేంద్ర ఓబీసీ జాబితాలో కులం ఉండాలి, సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో ఉండాలి. రాష్ట్ర కుల ధ్రువపత్రం ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు జులైలో తహసీల్దార్ ఆఫీసు ముందు నిలబడతారు. 2021 నుంచి అఖిల భారత కోటాలో ఓబీసీలకు 27 శాతం, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం సీట్లున్నాయి. అవి ఈ ఒక్క కాగితం మీద నిలబడి ఉన్నాయి. కేంద్రం ఈడబ్ల్యూఎస్ నిబంధనలో ఐదెకరాలు, ఆపైన పొలం ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా అర్హత లేదు. కనిగిరి మెట్టలో నీళ్లు లేని ఆరెకరాలున్న రైతు బిడ్డకు ఇది అన్యాయమని నా అభిప్రాయం. పెన్నా డెల్టాలో ఆరెకరాల మాగాణినీ, వాన కోసం చూసే ఆరెకరాల ఎర్రనేలనూ ఒకే త్రాసులో తూచకూడదు.

ఫలితాలొచ్చాక అసలు పరుగు. రెండు కౌన్సెలింగ్‌లు దాదాపు ఒకేసారి నడుస్తాయి. ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా ఢిల్లీలోని ఎంసీసీది (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ), రాష్ట్ర కోటా విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానిది. మంగళగిరి ఎయిమ్స్ కావాలన్నా ఎంసీసీలోనే నమోదు కావాలి. వెల్లూరు సీఎంసీకి నీట్ మార్కులతో పాటు వాళ్ల సొంత దరఖాస్తు వేరే. ఎంసీసీలో సాధారణ అభ్యర్థికి 1,000 రుసుము, 10,000 డిపాజిట్. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 500, 5,000. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు కావాలంటే డిపాజిట్ 2 లక్షలు. మొదటి రౌండులో సీటొచ్చి చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. చివరి రౌండులో వచ్చిన సీటు వదిలేస్తే డబ్బుతో ఆగదు, మళ్లీ నీట్ రాయడానికే అడ్డుపడుతుంది. ఈ మూడు ముక్కలు తెలియక, ఊరికే ఒక రాయి వేద్దామని చివరి రౌండులో దూర రాష్ట్రాల కాలేజీలకు ఆప్షన్లు పెట్టిన పిల్లలున్నారు.

తేదీలు కూడా మనం అనుకున్నట్టు రావు. 2024నే తీసుకోండి. ఫలితాలు ముందు చెప్పిన జూన్ 14కు బదులు జూన్ 4న వచ్చాయి. పేపర్ లీకు ఆరోపణలు, గ్రేస్ మార్కుల వివాదం, 1,563 మందికి మళ్లీ పరీక్ష, సుప్రీంకోర్టులో వాదనలు. పరీక్ష రద్దు చేయబోమని కోర్టు జులై 23న చెప్పింది. సవరించిన ఫలితాలు జులై 26న వచ్చాయి. కౌన్సెలింగ్ ఆగస్టు మధ్యకు జరిగింది. ఆ రెండు నెలలు ఇంట్లో కూర్చున్న పిల్లల మానసిక స్థితి తల్లులకే తెలుసు. ఎదురుచూపు నెలల తరబడి, నోటిఫికేషన్ వచ్చాక గడువు మాత్రం కొద్ది రోజులే. ఫైలు సిద్ధంగా ఉన్నవాళ్లకు ఆ కొద్ది రోజులు చాలు. లేనివాళ్లకు నెల ఇచ్చినా చాలదు.

వెబ్ ఆప్షన్ల దగ్గర ఒక్క మాట. మన ర్యాంకుకు వస్తుందనుకున్న కాలేజీనే మొదట పెట్టడం పెద్ద పొరపాటు. వరస మనకు ఇష్టమైన వరసే కావాలి. పై ఆప్షన్ రాకపోతే కింది ఆప్షన్ చూస్తారు తప్ప, పైది అడిగినందుకు కిందిది పోదు. నెల్లూరు ఏసీఎస్సార్ ప్రభుత్వ కాలేజీ, ఒంగోలు ప్రభుత్వ కాలేజీ, 2023లో మొదలైన మచిలీపట్నం, నంద్యాల వంటి కొత్త కాలేజీలు, అన్నీ ఆదివారం నాడు ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకుని, తర్వాతే కంప్యూటర్ ముందుకు వెళ్లాలి.

ఇదంతా పదిహేడేళ్ల పిల్ల నెత్తిన పెట్టకూడదు. ఇంట్లో ఒక పెద్ద మనిషి, అన్నో బాబాయో, ఈ ఏడాదికి ఈ పని నాది అని తీసుకోవాలి. చదువు రాని తల్లిదండ్రులుంటే ఊళ్లో టీచరు తీసుకోవాలి. కాలేజీలకూ బాధ్యత ఉంది. రెండేళ్లు లక్షల ఫీజు కట్టించుకున్న ఒక కాలేజీ, చివరి టర్ము బాకీ ఉందని టీసీ, ఒరిజినల్ మెమో ఇవ్వకుండా ఆపితే, ఆ తండ్రి ఆగస్టులో వడ్డీకి తెచ్చి కట్టడం చూశాను. బాకీ వసూలుకు పిల్ల సీటును పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు. ప్రభుత్వం చేయగలిగింది ఇంకా సులభం. ఏప్రిల్ మొదటి వారంలో ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం లాంటి చోట్ల రెండు రోజులు శిబిరం పెట్టి, నీట్ రాసే పిల్లల జాబితా దగ్గర పెట్టుకుని, తహసీల్దార్లు ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు అక్కడికక్కడే ఇస్తే జులైలో ఆ క్యూలే ఉండవు. మూతపడిన బడుల రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఇంకో పెద్ద ముడి విడిపోతుంది.

పామూరు అమ్మాయి ఇప్పుడు మెడికల్ కాలేజీలో ఉంది. చెల్లెలు తొమ్మిదో తరగతి. ఆమె కూడా డాక్టర్ కోర్సే చదువుతానంటోంది. పోయిన నెల వాళ్లింటికి వెళ్తే మా తమ్ముడు బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ ఫైలు తీసి చూపించాడు. అందులో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల స్టడీ సర్టిఫికెట్లు ఉన్నాయి. మూడింటి మీదా పిల్ల పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉంది.