లాన్ మీద గృహప్రవేశం

మా బావమరిది విజయవాడ పటమటలో తోటలు వేసే కంపెనీ నడుపుతున్నాడు. కంపెనీ అంటే మేడమీద ఒక గది, ఒక ట్రక్కు ఆటో, మొత్తం నలుగురు మనుషులు. వాడు ఎంబీఏ చదివాడు కాబట్టి మొక్కలకన్నా ముందు విలువలు నాటాడు. బండి వెనక "నమ్మకం, నాణ్యత, నిబద్ధత" అని ఆకుపచ్చ అక్షరాల్లో రాయించాడు. పెయింటరు అలవాటుకొద్దీ వాటి కింద ఒక దిష్టిబొమ్మ కూడా వేశాడు. దానికి మాత్రం డబ్బు తీసుకోలేదు.

నేను అందులో ఉద్యోగిని కాను, సెలవు రోజుల్లో లెక్కలు రాసిపెట్టే బంధువును. జీతం లేదు. కరివేపాకు మొక్కలు ఎన్నైనా తెచ్చుకోవచ్చు.

మేస్త్రిది కడియం. నర్సరీల మధ్యే పుట్టి పెరిగినవాడు. మొక్క విషయంలో అబద్ధం చెప్పలేడు. ఈ వ్యాపారంలో అదొక పెద్ద ఇబ్బంది. గేటుకు అటూ ఇటూ అశోక చెట్లు కావాలని ఎవరైనా అడిగితే, "మీరు చూసినవి అశోకలు కావండీ, నరమామిడి చెట్లు. సీతమ్మవారు కూర్చున్న అశోకం వేరే" అని మొదలుపెడతాడు. కొందరు అక్కడితో బేరం మానుకుంటారు. మిగిలినవారు నరమామిడే వేయించుకుని, చుట్టాలకు అశోక అని చెప్పుకుంటారు.

మేస్త్రి భార్యకు మొక్కను పారేయడం చేతకాదు. కొత్త లాన్ కోసం ఇళ్లవాళ్లు పీకించేసిన గన్నేరు, నందివర్ధనం, సగం ఎండిన మందారం, అన్నీ యనమలకుదురులో ఆమె రేకుల ఇంటి ముందుకు చేరతాయి. కంపెనీ డబ్బు తీసుకుని వేసిన ఏ తోటా దానికి సాటిరాదు. మావాడు కరపత్రం మీద వేసింది ఆ తోట ఫొటోనే. వెనకున్న రేకుల ఇంటిని మాత్రం కత్తిరించాడు.

ఇక డ్రైవరు. బండి ఖాళీగా తిరగకూడదన్నది అతని సిద్ధాంతం. మొక్కలు దించి తిరిగొచ్చేటప్పుడు మామిడికాయల బుట్టలో, పెళ్లివారి కుర్చీలో, ఎవరిదో పాత బీరువానో తప్పకుండా ఎక్కించుకుని వస్తాడు. మావాడు మొదట్లో మందలించాడు. డీజిలు ఖర్చు కలిసివస్తోందని తెలిశాక, బండి మీద రాయించలేదు కానీ, దాన్ని నాలుగో విలువగా లోలోపల ఒప్పుకున్నాడు.

ఈ వేసవిలో పోరంకి వైపు కొత్త ఇల్లు కట్టిన ఒక విశ్రాంత అధికారిగారు ఇంటి ముందు 600 చదరపు అడుగుల లాన్ కావాలన్నారు. గృహప్రవేశం జ్యేష్ఠ శుద్ధంలో, సరిగ్గా రోహిణి కార్తె నడిమధ్య. రోహిణిలో రోళ్లు పగులుతాయని చెప్పిన పెద్దమనిషి ఎవరో బెజవాడవాడే అయి ఉంటాడని నా నమ్మకం. "మృగశిర దాకా ఆగండి సార్, నాలుగు చినుకులు పడనివ్వండి" అన్నాడు మేస్త్రి. ఈ ముహూర్తం దాటితే ఆషాఢం వస్తుందని అధికారిగారు గుర్తుచేశారు. "గడ్డికి ఆషాఢం పట్టింపు లేదండీ" అన్నాడు మేస్త్రి. మావాడు మధ్యలో దూరి, అతను తమాషాకు అన్నాడని సర్దిచెప్పి, అడ్వాన్సు తీసుకున్నాడు.

ఏ గడ్డి అన్నదాని మీద మరో పంచాయతీ. ఆ ఎండకు నిలిచేది గరికేనన్నాడు మేస్త్రి. "ఇంత గేటు పెట్టించుకుని లోపల గరిక పెంచుకోవాలా?" అని ఆయన మండిపడ్డారు. మర్నాడు మావాడు వెళ్లి, అది వద్దు, బెర్ముడా వేద్దామన్నాడు. గోల్ఫ్ మైదానాల్లో వేస్తారనీ చెప్పాడు. అదీ నిజమే. బెర్ముడా అన్నా గరిక అన్నా ఒకటే మొక్క అన్నది కూడా నిజమే కానీ, ఆ సంగతి ఎవరూ అడగలేదు, మావాడు చెప్పలేదు. దీని మీద మేస్త్రి అలిగి, పనయ్యేదాకా మావాడితో పొడిపొడిగానే మాట్లాడాడు.

పని మాత్రం శుద్ధంగా చేశారు. పైనున్న నల్లమట్టిని జానెడు లోతు తీసేసి, ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు కలిపి పరిచారు. ఒక్క గడ్డ మిగిలినా తుంగ మళ్లీ లేస్తుందని మేస్త్రి భార్య మట్టి మొత్తం చేతులతో జల్లెడపట్టింది. డ్రైవరు కడియం నుంచి 150 కిలోమీటర్లు రాత్రికి రాత్రే బండి నడిపి, తడి గోనెపట్టాల కింద గడ్డి పలకలు తెచ్చి, ఎండెక్కకముందే దించాడు. కాలువలు కట్టేసిన రోజులు కావడంతో నీళ్లకు ట్యాంకరే దిక్కయింది. అలా పరిచిన గడ్డి కింది మట్టిలోకి వేళ్లు దించుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ముహూర్తం అయిదు రోజుల్లో ఉంది. "దీని మీద ఎవరినీ నడవనివ్వకండి" అని మేస్త్రి ఇంటిల్లిపాదికీ చెప్పాడు. అతను మనుషులనే దృష్టిలో పెట్టుకుని చెప్పాడు.

కొత్త ఇంట్లోకి ముందు ఆవూ దూడా అడుగుపెట్టాలి కదా. ఆ ఆవును తెచ్చే బేరం మన డ్రైవరు కుదుర్చుకున్నాడు. గడ్డి దిగిన బండిలోనే గోమాత ఎక్కింది. అధికారిగారి బెంగంతా ఇటాలియన్ మార్బుల్ మీద. లోపల ఆవు పేడ వేస్తే మహా శుభమని పురోహితుడు ఎంత చెప్పినా ఆయనకు ఆ శుభం అక్కరలేదు. అందుకని ముందురోజు మధ్యాహ్నం నుంచి దానికి మేత పెట్టకుండా ఉంచమని ఆవు యజమానికి విడిగా డబ్బిచ్చి మరీ చెప్పారు. ఈ ఏర్పాటు అప్పటికి మా నలుగురిలో ఎవరికీ తెలియదు. నన్ను కలిపితే అయిదుగురిలో.

తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు ముహూర్తం. లాన్ కనబడాలని మావాడు చుట్టూ చిన్న దీపాలు పెట్టించి, గడ్డిని తడిపించాడు. ఆ చీకట్లో వీధి మొత్తం మీద వెలుగుతున్న వస్తువు అదొక్కటే. గేటు తీశారు, సన్నాయి మొదలైంది. పసుపు కుంకుమలతో, మెడలో బంతిపూల దండతో ఆవు లోపలికి వచ్చి, రెండు అడుగులు బాట మీద వేసి, ఎడమకు తిరిగింది.

మొదటి పట్టుకే చాప చుట్టినట్టు అడుగు వెడల్పు గడ్డి లేచి వచ్చింది. ఆవు కూడా కాస్త ఆశ్చర్యపోయినట్టే కనిపించింది. ఇంత తేలిగ్గా వచ్చే మేత దానికి కొత్త కాబోలు. తర్వాత ఇక తల ఎత్తలేదు. దూడ ఆ మూల నుంచి ఈ మూలకు పరుగులు తీస్తూ, తల్లి తినని చోట్లు తొక్కింది. మావాడు "హేయ్!" అంటూ ముందుకు ఉరికాడు. ఎవరో పెద్దాయన వాడి చొక్కా పట్టి వెనక్కు లాగి, "గృహప్రవేశం నాడు గోవును అదిలిస్తావా?" అన్నారు. పురోహితుడు మంత్రం ఆపి, "సాక్షాత్తూ లక్ష్మీదేవి ఆరగిస్తోంది, ఆపకండి" అని ప్రకటించారు. అధికారిగారు చేతుల్లో దేవుడి పటంతో అలాగే నిలబడిపోయారు. ఆయన తల్లిగారు, తొంభైకి దగ్గర్లో ఉన్న మామ్మగారు, కుర్చీలోంచే చేతులు జోడించారు. ఫొటోగ్రాఫరు ఒక్క మాట మాట్లాడకుండా తీస్తూనే ఉన్నాడు.

ముహూర్తం దాటిపోయేలా ఉంది. ఆవు గుమ్మం వైపు చూడనైనా చూడటం లేదు. అప్పుడు మేస్త్రి భార్య, ఎవరినీ అడగకుండా, ఊడి పడిన గడ్డి పలకనొకదాన్ని చేతిలోకి తీసుకుని, ఆవు ముఖానికి చూపిస్తూ, వెనక్కు వెనక్కు నడుస్తూ గడప దాటింది. ఆవు ఆ వెనకే గడప దాటింది. సరిగ్గా వేళకు. ఎర్రమట్టి గిట్టలతో హాలు మధ్యకు వెళ్లి, ఖాళీ కడుపు లెక్కలన్నీ తప్పని రుజువు చేసింది. "శుభం!" అన్నారు పురోహితుడు.

భోజనాల తర్వాత అసలు గొడవ మొదలైంది. నాటింది 30 రోజుల్లో చనిపోతే ఉచితంగా తిరిగి వేస్తామని మావాడి హామీ పత్రంలో ఉంది. అది చనిపోతేనే కానీ తింటే కాదని మావాడు వాదించాడు. తింటే చావదా అని అధికారిగారు అడిగారు. ఆవును తెచ్చింది మీ బండేనన్నారు. పస్తుంచింది మీరేనని డ్రైవరు బయటపెట్టాడు. ఆ సంగతి ఆవు యజమాని దారిలోనే చెప్పేశాడట. "నేను మృగశిర అని ముందే చెప్పానండీ" అని మేస్త్రి అందరికీ విడివిడిగా గుర్తుచేశాడు. మిగతా సొమ్ము ఇచ్చేది లేదని అధికారిగారు తేల్చేశారు.

బిల్లు రాయవలసింది నేనే. ఏమని రాయాలో తోచక కూర్చుంటే, మేస్త్రి భార్య గిన్నెలోని పెరుగన్నం కలుపుకుంటూ, "గోగ్రాసం అని రాయండి అన్నయ్యగారూ" అంది. అలాగే రాశాను. "గోగ్రాసం నిమిత్తం, 600 చదరపు అడుగులు." కాగితాన్ని ఆమె అధికారిగారికి ఇవ్వలేదు, తిన్నగా తీసుకెళ్లి మామ్మగారికి చదివి వినిపించింది. మామ్మగారు కొడుకును పిలిచి, "ఒరేయ్, ఆవు నోట్లో పెట్టినదానికి బేరమాడతావా?" అన్నారు. ఆయన లోపలికి వెళ్లి డబ్బు తెచ్చారు. పైగా నూటపదహార్లు కలిపారు.

మృగశిరలో మేస్త్రి తన మాట ప్రకారం మళ్లీ గడ్డి వేశాడు, సగం మేరకే. మిగతా సగంలో మామ్మగారు జాజి, కనకాంబరాలు, ఒక పారిజాతం వేయించుకున్నారు. బెర్ముడా అసలు సంగతి మేస్త్రి ఆమెకు చెప్పేశాడని విన్నాను. వినాయకచవితికి గరిక కొననక్కరలేదని ఆమె సంతోషించారట.

మొన్న ఆవు యజమాని పటమట ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఏం నష్టపరిహారం అడుగుతాడోనని మావాడు కుర్చీలో సర్దుకున్నాడు. ఆవు ఎండుగడ్డి ముట్టడం లేదనీ, ఆ రోజు తిన్న రకమే కావాలంటోందనీ, ధర ఎంతో చెప్పమనీ అడిగాడు. మావాడు ఎంబీఏ మర్యాదతో చదరపు అడుగు లెక్కన చెప్పాడు. రవాణా, పరచడం, ట్యాంకరు నీళ్లు వేరే అని కూడా చెప్పాడు. అతను కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని, "దానికి పరచనక్కరలేదండీ" అన్నాడు.