సంచి నిండింది, గేటు మూసుకుంది: కొవిడ్‌లో రోగనిరోధక కణాల కథ

కొవిడ్ ముదిరినవారిలో ఊపిరితిత్తులను దెబ్బతీసింది వైరస్ ఒక్కటే కాదు, అదుపు తప్పిన సొంత రోగనిరోధక వ్యవస్థ కూడా. 2020 జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్‌ ఈ సంగతి తేల్చింది. ఒంట్లో మంటను (ఇన్‌ఫ్లమేషన్) అణిచే చౌక మందు డెక్సామెథసోన్, వెంటిలేటర్ మీదున్నవారి మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించింది.

ఆ మంట అంతగా ఎందుకు రాజుకుంది? ఒక కారణం కోసం కణం లోపలి పారిశుద్ధ్యం వైపు చూడాలి. పాడైన ప్రొటీన్లను, చెడిపోయిన మైటోకాండ్రియాలను (కణానికి శక్తినిచ్చే భాగాలు) కణం రెండు పొరల సంచిలో చుట్టి, చెత్తను కరిగించే అర అయిన లైసోజోమ్‌కు చేరుస్తుంది. అక్కడి ఆమ్లం, ఎంజైములు వాటిని కరిగిస్తే, ఆ ముడిసరుకును కణం మళ్లీ వాడుకుంటుంది. ఇదే ఆటోఫజీ. దీని గుట్టు విప్పినందుకే యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ దక్కింది.

కరోనా ప్రొటీన్ ఓఆర్ఎఫ్3ఎ సరిగ్గా చివరి మెట్టు దగ్గర అడ్డుపడుతుంది. సంచిని లైసోజోమ్‌తో కలిపే యంత్రాంగంలోని వీపీఎస్39 అనే భాగాన్ని పట్టి ఉంచుతుంది. చెత్త బండ్లు వీధుల్లో తిరుగుతూనే ఉంటాయి, డంపింగ్ యార్డు గేటు మాత్రం తెరుచుకోదు. 2003 నాటి సార్స్ వైరస్‌లోని ఇదే ప్రొటీన్‌కు ఈ నేర్పు లేదు.

ఓఆర్ఎఫ్3ఎ గురించి ఇలా తేల్చిన ప్రయోగాలు ల్యాబ్‌లో పెంచిన కణాల్లో జరిగినవి. రోగుల మోనోసైట్లకు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) వాటి ఫలితాలను యథాతథంగా అంటగట్టడం తొందరపాటే. అయినా దారి కనిపిస్తోంది. చెడిన మైటోకాండ్రియాలు పోగుపడితే కణంలో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రమాద ఘంటిక మోగి మంట రాజుకుంటుంది. కొవిడ్ రోగుల రక్తంలోని కొన్ని మోనోసైట్లలోకి వైరస్ చొరబడటం, ఆ కణాలు మంట పుట్టించే పదార్థాలను చిమ్ముతూ పగిలిపోవడం 2022లో పరిశోధకులు చూపించారు.

ఏ కణంలో ఏం జరుగుతోందో తెలియకుండా మందు ఇస్తే ఏమవుతుందో హైడ్రాక్సీక్లోరోక్విన్ విషయంలో చూశాం. 2020 మార్చిలో ఐసీఎంఆర్ దాన్ని వైద్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా సూచించింది. అది లైసోజోమ్‌లో ఆమ్లాన్ని తగ్గించే మందు, అంటే మూసిన గేటుకే ఇంకో తాళం. కోతి కిడ్నీ కణాల్లో వైరస్‌ను ఆపిన ఆ మందు మనిషి ఊపిరితిత్తుల కణాల్లో ఆపలేకపోయింది. ఆసుపత్రుల్లోని రోగులకూ మేలు చేయలేదు.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఉపవాసంతో ఆటోఫజీ పెంచి వైరస్‌లను తరిమేయొచ్చంటున్నారు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది. అడ్డంకి చివర్లో ఉన్నప్పుడు మొదట్లో సంచులు పెంచితే లాభమేంటి? సంచి పొరకు అంటుకునే ఎల్‌సీ3 ప్రొటీన్ పెరిగిందని చూపించడమూ చాలదు. ఆటోఫజీ జోరందుకున్నా, ఆగిపోయినా అది పెరుగుతుంది. చెత్తను సంచిలోకి చేర్చి దానితోపాటే కరిగిపోయే పీ62 ప్రొటీన్ కరుగుతోందా, పేరుకుంటోందా అన్నది కూడా కొలిచి, ఏ కణంలో, జబ్బు ఏ దశలో కొలిచారో చెప్పినప్పుడే ఆ మాటలను పట్టించుకోవాలి.