పొలం మీదే, పంది మాత్రం మీది కాదు

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు వస్తే చాలు, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. అందులో చెప్పేది ఇది: 'అడవి పందిని కేంద్రం హానికర జంతువుగా ప్రకటించింది. మీ పట్టా భూమిలోకి వస్తే ఎవరి అనుమతీ లేకుండా చంపవచ్చు. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టుకోవడం ఆత్మరక్షణే. మాంసం చంపినవారిదే.' ఒక్క రాత్రిలో ఎకరం వేరుశనగను పందుల గుంపు తవ్విపోసిన రైతుకు ఇది ఎంత ఊరటగా ఉంటుందో అర్థం చేసుకోగలను. కానీ నాలుగు మాటల్లో ఒక్కటీ నిజం కాదు.

ప్రకటన సంగతి ముందు చూద్దాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 62వ సెక్షన్ కింద కేంద్రం అలా ప్రకటించగలదు, నిజమే. అయితే అది ఫలానా ప్రాంతానికి, ఫలానా గడువుకు మాత్రమే. 2015 డిసెంబరులో బీహార్‌లోని కొన్ని జిల్లాలకు, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌కు ఏడాది గడువుతో ఇచ్చారు. ఆ గడువులు ఎప్పుడో తీరిపోయాయి. కేరళ పదేపదే అడిగినా కేంద్రం ఒప్పుకోలేదు. 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టం రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, చివరికి ఆ ప్రయత్నం కూడా చట్టం దృష్టిలో వేటే.

పట్టా భూమి అన్న వాదన ఇంకా బలహీనమైనది. పందిని చంపడానికి అనుమతి ఇచ్చే 11వ సెక్షనే 'ఏ భూమిలోనైనా ఉన్న పంట' అంటుంది. అంటే చట్టం మీ చేనుకూ వర్తిస్తుంది, అక్కడ చంపాలన్నా ముందు అనుమతి ఉండాలి. తెలంగాణలో సర్పంచులకు, కేరళలో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఈ అనుమతి ఇచ్చే అధికారం అప్పగించారు కూడా. కాల్చాల్సింది లైసెన్సు తుపాకి ఉన్న, అనుమతి పొందిన షూటర్ల జాబితాలో పేరున్న వ్యక్తి. నాటు తుపాకి తెస్తే ఆయుధాల చట్టం కింద మరో కేసు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది తీగ మాట. ఆత్మరక్షణ అంటే జంతువు మనిషి మీదికి దూకినప్పుడు ప్రాణం కాపాడుకోవడం. సాయంత్రం మోటారు స్టార్టరు నుంచి తీగ లాగి, ఇంటికి వెళ్లి పడుకున్నవాడికి అది ఎలా వర్తిస్తుంది? ఆ తీగకు పంది ఏదో, పక్క చేనుకు నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషి ఎవరో తెలియదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం అడవిలో గాలింపునకు వెళ్లిన గ్రేహౌండ్స్ (పోలీసు ప్రత్యేక దళం) కమాండో ఒకరు వేటగాళ్ల తీగ తగిలి చనిపోయాడు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో పందుల కోసం వేసిన తీగలకు పులులు బలయ్యాయి. పందుల సంఖ్యను తగ్గించేదే పులి, చిరుతపులి. వాటిని చంపుకుంటూ పందులు పెరిగాయని బాధపడుతున్నాం! నాటు బాంబులదీ ఇదే కథ. 2020లో పాలక్కాడ్ జిల్లాలో నోట్లో పేలుడు జరిగి చనిపోయిన చూలు ఏనుగుకు తగిలింది పందుల కోసం పెట్టిన మందుగుండే.

సోలార్ కంచె వేరు, ఈ తీగ వేరు. సోలార్ కంచెలో దెబ్బ సుమారు సెకనుకు ఒకసారి, రెప్పపాటు కన్నా తక్కువ సేపు తగులుతుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది. ఇంటి కరెంటు తెంపు లేకుండా పారుతుంది, పట్టుకున్న ప్రాణాన్ని వదలదు. కంచెకు డబ్బు లేనివారికి రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేరే దారులు చెబుతున్నారు: వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం దట్టంగా నాలుగు వరుసలు. పంది చూపు కన్నా వాసనను నమ్ముతుంది కాబట్టి ఆముదం ఘాటు కంకి వాసనను కప్పేస్తుంది. ఏ ఒక్క ఉపాయమూ రెండు మూడు వారాలకు మించి పనిచేయదని మంచె మీద కాపలా ఉన్నవారు అంటారు. అదీ నిజమే, మార్చి మార్చి వాడాలి.

ఇక మాంసం. అనుమతితో చంపినా, ప్రాణం కాపాడుకోవడానికి చంపినా ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. వాటాలు వేసి పంచితే చంపినవారితో పాటు కూర వండుకున్న ఇంటికీ అటవీ శాఖ వస్తుంది.