బండి చూడ్డానికి వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే అడ్వాన్స్ ఇవ్వకండి

బెంగళూరులో పాత క్యాంపర్ వ్యాన్ కోసం 3 నెలలుగా తిరుగుతున్నాను. ఇప్పటికి 7 బండ్లు చూశాను. అన్ని చోట్లా ఒకటే వరస. ముందు పరుపు చూపిస్తారు, తర్వాత సింకు, ఫ్రిజ్, పైన సోలార్ ప్యానెల్. ఇంజిన్ సంగతి అడిగితే "సూపర్ కండిషన్ సార్" అని మాట దాటేస్తారు. పిల్లల్ని వెనక పడుకోబెట్టుకుని రాత్రిపూట ఘాట్ ఎక్కాల్సిన బండి ఇది. ఆ మాటకి నాకు ఒళ్లు మండుతుంది.

హోసూరు రోడ్డు వైపు చూసిన బండి గురించి చెప్పాలి. టూరిస్టుల్ని తిప్పే ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్ మీద కట్టించింది, 18 లక్షలు చెప్పారు. మా ఆవిడకి చూడగానే నచ్చేసింది. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది, పొగ జాడే లేదు. నేను అడ్వాన్స్‌కి సిద్ధమైపోయాను. మాతో వచ్చిన మెకానిక్ అన్న సొంతూరు మదనపల్లె, కె.ఆర్.పురంలో షెడ్డు. ఆయన అసలు లోపలికి అడుగే పెట్టలేదు. స్టార్ట్ చేయకముందే బానెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూశాడట. నన్ను పక్కకి పిలిచి, "వేడిగా ఉండింది తమ్ముడూ. మనం వచ్చేలోపే తిప్పి పెట్టినారు. రేపు పొద్దున్నే చెప్పకుండా వద్దాం" అన్నాడు.

మర్నాడు ఆరున్నరకల్లా వెళ్లాం. గేటు దగ్గరున్న కుర్రాడు తాళం తెచ్చిచ్చాడు. మూడోసారి సెల్ఫ్ కొడితే గానీ ఇంజిన్ అందుకోలేదు. అందుకున్నాక నీలం పొగ, అంటే లోపల ఇంజిన్ ఆయిల్ కాలుతోందన్నమాట. చలిలో డీజిల్ బండి స్టార్టవగానే కాస్త తెల్ల పొగ వదలడం మామూలే, కాసేపట్లో పోతుంది. ఇది పోలేదు. వెనక నిలబడ్డ మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అన్న ఆయిల్ పోసేచోట మూత విప్పి, తిరగేసి, ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టాడు. అన్నం ఉడికే గిన్నె మీద మూతలా అది ఎగిరెగిరి పడి, చివరికి పక్కకి జారిపోయింది. "బ్యాక్ కంప్రెషన్. రింగులు పోయినాయి, బోరుకొచ్చేసింది" అన్నాడు. అంటే పిస్టన్ రింగులు అరిగి గ్యాసు కిందికి తన్నుకొస్తోంది, ఇంజిన్ విప్పి సిలిండర్లు బాగు చేయించాల్సిందే. పైన పటారం, లోన లొటారం.

అమ్మేవాళ్ల జవాబు: "ట్రావెలర్ ఇంజిన్లన్నీ ఇంతే సార్." అబద్ధం. మంచి ఇంజిన్ అలా ఆయిల్ తాగదు.

మీటరులో 40 వేల కిలోమీటర్లే ఉన్నాయని కూడా మురిసిపోకండి. నెలల తరబడి కదలని బండికి సీళ్లు ఎండిపోతాయి, డీజిల్ ట్యాంకులో నీరు చేరుతుంది, పాత కూలెంట్ రేడియేటర్‌ని లోపల్నుంచి తినేస్తుంది. ఏసీ కోసం నిలబెట్టి ఇంజిన్ నడిపిన గంటలు ఆ మీటరుకి ఎక్కవు. పైగా టూరిస్టు ట్రావెలర్ జనాన్ని దింపేస్తే తేలికవుతుంది, క్యాంపర్‌కి ఆ సుఖం లేదు. ప్లైవుడ్, బ్యాటరీలు, మంచాలు ఎప్పుడూ మోయాల్సిందే. 100 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 100 కిలోలు. అందుకే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ రౌండు కొట్టి సరే అనకండి. నీళ్ల ట్యాంకు నింపించి ఏదైనా గట్టి ఎత్తు ఎక్కించండి. టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగుతోందో, క్లచ్ జారుతోందో లేదో అక్కడ తెలుస్తుంది.

డిప్‌స్టిక్‌కి, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్లకి, అంటిన ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే అందులో నీళ్లు కలిశాయన్నమాట, హెడ్ గాస్కెట్‌ని (ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు) అనుమానించండి. రేడియేటర్ మూత మాత్రం చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండైతే ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ కూడా పెట్టించండి. ఆర్సీలో మార్పులు ఎక్కించారా లేదా అన్నది వేరే గొడవ, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

ఆదివారం యలహంకలో ఇంకో బండి చూడబోతున్నాం. మేం వచ్చి బానెట్ ముట్టుకునేదాకా తాళం తిప్పొద్దని ఓనర్‌కి ఫోన్‌లోనే చెప్పాను. "అలాగే, ఆరింటికే రండి" అన్నాడాయన. ఏడు బండ్లలో ఒక్కరూ ఆ మాట అనలేదు.