నాచు మీద యాక్షన్ తీసుకోవాల్సిందే

పవర్ ప్లాంట్ వాళ్ళ బాధ ఎవరూ పట్టించుకోవట్లేదు, అందుకే నేను రాస్తున్నా. పాపం కోట్లు పోసి చిమ్నీకి మానిటర్ బిగిస్తారు, పొగలో బూడిద పట్టడానికి ఈఎస్పీ అనే కరెంటు యంత్రం పెడతారు, ఇన్‌స్పెక్షన్ ఎప్పుడో ముందే కనుక్కుని ఆ రోజుకి అన్నీ బుద్ధిగా నడిపిస్తారు, రిపోర్టు కూడా ముత్యంలా వస్తుంది. ఇంతా చేశాక గోడ అవతల ఏ బండ మీదో పడుండే నాచు, జీతం లేదు ఐడీ కార్డు లేదు, రెండు మూడేళ్ళ పొగ లెక్క మొత్తం తీసుకెళ్ళి ల్యాబ్‌లో అప్పజెప్పేస్తే ఇంక వ్యాపారం ఎవరు చేస్తారండీ?

అసలు దాని పుట్టుకే అనుమానంగా ఉంటుంది. నిజమైన వేళ్ళుండవు, ఆకు చాలావరకు ఒక్క కణం మందమే, వానైనా మంచైనా దుమ్మైనా మీద పడిందల్లా పీల్చుకుంటుంది, సీసమో కాడ్మియమో, అలాంటి విషపు లోహం ఒకసారి అతుక్కుంటే అంత తేలిగ్గా వదలదు. మామూలు మొక్కయితే "అబ్బే, అది నేలలోనే ఉందండీ" అనేసి తప్పించుకోవచ్చు, వేళ్ళే లేనిదాని దగ్గర ఆ పప్పులు ఉడకవు. పోనీ మట్టి ఎగిరొచ్చి పడిందందామా అంటే ల్యాబ్ వాళ్ళు మట్టిలో దండిగా ఉండే అల్యూమినియం ఎంతుందో కూడా చూస్తారు. ఒట్టి మట్టే అయితే అన్నీ ఆ లెక్కలోనే పెరగాలి కదా, మరి ఆర్సెనిక్ ఒక్కటే అంతెత్తుకి ఎందుకెళ్ళింది అని అడుగుతారు. మర్యాద తెలీని మనుషులు.

ఈ గొడవంతా స్వీడన్‌లో మొదలైంది. 1960ల చివర్లో రూలింగ్, టైలర్ అనే ఇద్దరు నాచులో లోహాలు కొలవడం మొదలెట్టారు, 1990 నుంచి యూరప్‌లో బోలెడు దేశాలు కలిసి ఐదేళ్ళకోసారి ఇదే పని. వాళ్ళ చాదస్తం చూడాలి. శాంపిల్ తీసే చోటు మెయిన్ రోడ్డుకి కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలట, చెట్టు కొమ్మల కింద తీయకూడదట, గ్లవ్స్ వేసుకోవాలట, దగ్గర్లో సిగరెట్ కాల్చకూడదట. సిగరెట్ పొగకే ఇంత హడావిడి పడేవాళ్ళు చిమ్నీ పొగకి ఏం న్యాయం చేస్తారు చెప్పండి.

నాచు మొలవని చోట ప్లాంట్ కట్టుకుంటే సరి అనుకునేరు. శుభ్రమైన స్ఫాగ్నం నాచుని నైలాన్ వల సంచుల్లో కుక్కి, తెచ్చి మరీ వేలాడదీస్తారు!

అమెరికాలో పోర్ట్‌లాండ్ కథ ఇంకా ఘోరం. 2013లో చెట్లకి పట్టిన నాచు 346 శాంపిల్స్ తీసి మ్యాప్ గీస్తే, కాడ్మియం మరక పోయి పోయి రంగు గాజు తయారుచేసే ఫ్యాక్టరీల దగ్గర తేలింది. అంతవరకు అటువైపు ఎవరి చూపూ పోలేదు, హాయిగా ఉండేవాళ్ళు.

ఉన్న ఒక్క ఊరట ఏంటంటే, నాచు గ్రాముకి ఇన్ని మైక్రోగ్రాములని చెప్తుంది తప్ప ఏ రోజు గాలిలో ఎంతుందో చెప్పలేదు. రూల్సేమో గాలి లెక్కలో ఉంటాయి. కాబట్టి "ఏ లిమిట్ దాటామో చూపించండి" అని లాయర్ గారు ధైర్యంగా అడగొచ్చు, తర్వాత ఎవరో వచ్చి అదే చోట మిషన్ పెట్టి కొలిచేదాకా.

అందుకని నా డిమాండ్ ఒకటే, నాచు కూడా అందరు ఇన్‌స్పెక్టర్లలాగా ముందు నోటీసిచ్చి, ఆఫీసు టైంలో మాత్రమే పీల్చాలి, అర్ధరాత్రి ఈఎస్పీ ఆపినప్పుడు కళ్ళు మూసుకోవాలి. కుదరదంటే ప్లాంట్ చుట్టూ నాచు గీకించడానికి టెండర్ పిలవండి, గీకింది ల్యాబ్ వైపు వెళ్ళకుండా మాత్రం లారీకి ఒక మనిషిని కాపలా పెట్టండి.