వెంకటపతిరాయల రేవు

తిరుమల మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు, ఆయన ఇద్దరు దేవేరుల విగ్రహాలను గుర్తుపట్టి నమస్కరించేవారు ఎందరో. మరో పక్కన ఉన్న వెంకటపతిరాయల రాగి విగ్రహం మీద మాత్రం చూపు నిలవదు, ఆలోగా క్యూ ముందుకు కదిలిపోతుంది. చంద్రగిరి నుంచి, ఆ తర్వాత వేలూరు నుంచి ఏలిన ఆ విజయనగర రాజు తీసుకున్న నిర్ణయం ఒకటి తూర్పు తీరం తలరాతనే మార్చింది.

1610లో పులికాట్‌లో వ్యాపారం చేసుకోవడానికి డచ్చివారికి అనుమతి ఇచ్చింది ఆయనే. తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకున్న ఆ ఊరు అప్పటికే విజయనగర రాజ్యానికి పెద్ద రేవు. ఈ కొత్త పోటీని బుడతకీచులు, అంటే పోర్చుగీసువారు, సహించలేకపోయారు. 1612లో డచ్చివారి స్థావరంపై పడి దాన్ని ధ్వంసం చేశారు. మరుసటి ఏడాదే అక్కడ డచ్చివారి గెల్డ్రియా కోట లేచింది.

ఆ కోటను నిలబెట్టింది మగ్గం. మన నేతగాళ్ల గళ్ల బట్టలు ఓడలెక్కి ఆగ్నేయాసియా దీవులకు చేరేవి, వాటికి మారుగా లవంగాలు, జాజికాయలు వచ్చేవి. నేటికీ మన ఇళ్లలో పెద్దలు కట్టుకునే పళయకాట్ లుంగీకి ఆ పేరు ఈ రేవు నుంచే వచ్చింది. అయితే ఆ ఓడల్లో బట్టలే కాదు, మనుషులూ వెళ్లారు. కరవు రోజుల్లో అమ్ముడుపోయినవారితో సహా వేలమందిని బానిసలుగా బటేవియాకు, అంటే నేటి జకార్తాకు, తరలించారు. పులికాట్ వైభవాన్ని వర్ణించేవారు ఈ సంగతిని దాటవేయడం నాకు బాధ కలిగిస్తుంది.

1690లో డచ్చివారు తమ ముఖ్య స్థావరాన్ని నాగపట్నానికి మార్చుకున్నారు. కోట ఇప్పుడు పొదలు కమ్మిన దిబ్బ. డచ్చివారి శ్మశానం మాత్రం మిగిలింది. దాని ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. లోపల పలకల మీద వంశ చిహ్నాలు, వాటి కింద డచ్చి అక్షరాలు. వేలితో తడిమితే గాడి ఇంకా లోతుగానే తగులుతుంది.

పులికాట్ ఊరు తమిళనాడులో ఉంది. పక్కనే ఉన్న పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం మాత్రం ఆంధ్రలోనిది, 2022 నుంచి తిరుపతి జిల్లాది. చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దారిలో రాజహంసలను చూసి, ఫొటోలు తీసుకుని వస్తాం. అదే తీరంలోని దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషువారు స్థావరం కట్టుకున్నారు. 1639లో చంద్రగిరి రాయల సామంతులైన దామెర్ల నాయకుల నుంచి చోటు సంపాదించి చెన్నపట్నం వైపు కదిలారు. 2014 విభజన చట్టం భారీ ఓడరేవును వాగ్దానం చేసింది కూడా ఆ దుగరాజపట్నానికే.

చంద్రగిరిని ఒక కోటగా, పులికాట్‌ను పక్షుల సరస్సుగా విడివిడిగా చూపిస్తే ఈ తీరం కథలో సగం పోతుంది. రాజుల అనుమతి, నేతగాడి పని, రేవు వ్యాపారం ఒకే ముడిలో ఉన్నవి. చంద్రగిరి రాజమహల్ మ్యూజియంలో ఒక గోడకు దుగరాజపట్నం, పులికాట్, చెన్నపట్నం గుర్తించిన తీరపటం ఉండాలి. దాని కింద, బడిపిల్లల కళ్లకు అందే ఎత్తులో, మడతపెట్టిన గళ్ల లుంగీ ఒకటి ఉండాలి.